తొంభై రోజుల నోటీసు పూర్తి చేయకుండా ఉద్యోగం మానేయవచ్చా? సర్టిఫికెట్లు, సంతకం చేసిన చెక్కు యాజమాన్యం దగ్గరే ఉన్నాయి

లెక్కల పుస్తకం, కర్నూలు (12 జనవరి 2026)

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఒక వాహనాల షోరూంలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తున్నాను. 2021 జూన్ 14న చేరాను. సంస్థలో నలభై మందికి పైగా సిబ్బంది ఉన్నాం, అందరికీ పీఎఫ్ కడుతున్నారు. నా మొత్తం జీతం నెలకు 28,000 రూపాయలు, అందులో బేసిక్ 12,000. ఇటీవల బెంగళూరులోని ఒక సంస్థ నుంచి ఇంతకంటే మంచి జీతంతో ఆఫర్ లెటర్ వచ్చింది. ఫిబ్రవరి 5న చేరాలని అందులో ఉంది.

ఈ నెల 5వ తేదీన రాజీనామా ఉత్తరాన్ని మా యజమానిగారి చేతికే ఇచ్చాను. ఆయన చదివి, ఏమీ అనకుండా టేబుల్ సొరుగులో పెట్టుకున్నారు. అందినట్లు కాపీ మీద సంతకం చేయమంటే "మన మధ్య అవన్నీ ఎందుకమ్మా" అన్నారు. ఆ సాయంత్రం నేను "సార్, ఈ రోజు రాజీనామా ఉత్తరం ఇచ్చాను, ఫిబ్రవరి 4 వరకు పనికి వస్తాను" అని వాట్సాప్‌లో పెడితే, "పండగ తర్వాత మాట్లాడదాం" అని జవాబు పంపించారు. మొన్న శనివారం మాత్రం మేనేజరుగారు పిలిచి, తొంభై రోజులూ పనిచేయాల్సిందేనని, లేకపోతే మూడు నెలల పూర్తి జీతం 84,000 రూపాయలు కట్టి వెళ్లాలని, అది కట్టేదాకా రిలీవింగ్ లెటరు (ఉద్యోగం నుంచి విడుదల చేసినట్లు ఇచ్చే పత్రం) గానీ సర్టిఫికెట్లు గానీ ఇచ్చేది లేదని చెప్పారు.

చేరేటప్పుడు నా పదో తరగతి, ఇంటర్, బీకాం ఒరిజినల్ సర్టిఫికెట్లతో పాటు, మొత్తం రాయకుండా సంతకం మాత్రమే చేసిన ఒక చెక్కును కూడా తీసుకున్నారు. నియామక పత్రంలో ఉన్న నిబంధన ఇది: "ఉద్యోగి రాజీనామా చేయదలచినచో 90 రోజుల ముందస్తు నోటీసు ఇవ్వవలెను, లేదా తగ్గిన రోజులకు బేసిక్ వేతనము చెల్లించవలెను." దీనికీ మేనేజరుగారు అడుగుతున్న మొత్తానికీ పొంతన కనిపించడం లేదు. బెంగళూరు సంస్థవారు ఏప్రిల్ వరకు ఆగలేమని స్పష్టంగా చెప్పేశారు.

ఉప్పు తిన్న చోట గొడవ పెట్టుకోవద్దని మా నాన్నగారు అంటున్నారు. సంక్రాంతికి ఊరికి వెళ్లి మళ్లీ తిరిగి రావద్దని, ఎవరూ ఏమీ చేయలేరని నా స్నేహితురాలు అంటోంది. చట్టం తెలిసినవారు గానీ, ఇటువంటి పరిస్థితిని దగ్గరగా చూసినవారు గానీ దారి చెప్పగలరు.

ఎర్రనేల, ఎర్రగుంట్ల (12 జనవరి 2026)

నేను మానవ వనరుల విభాగంలో పనిచేస్తున్నాను. రాజీనామా ఉత్తరాలు మా బల్ల మీదికే వస్తాయి కాబట్టి అవతలి వైపు నుంచి ఈ సంగతి ఎలా కనిపిస్తుందో చెప్పగలను.

మీ నియామక పత్రం మీకు రెండు దారులు ఇచ్చింది. తొంభై రోజులు పనిచేయడం ఒకటి, తగ్గిన రోజులకు బేసిక్ లెక్కన డబ్బు కట్టడం రెండోది. కొన్ని సంస్థలు ఈ రెండో దారిని "యాజమాన్యం అంగీకరించినచో" అన్న షరతుతో బిగిస్తాయి. మీరు రాసిన నిబంధనలో ఆ షరతు లేదు. పత్రం వెనుక పేజీల్లో గానీ, విడిగా ఇచ్చిన సర్వీసు నిబంధనల పుస్తకంలో గానీ అలాంటిది ఉందేమో ఒకసారి చూసుకోండి. లేకపోతే లెక్క తేలికే. జనవరి 5 నుంచి ఫిబ్రవరి 4 వరకు 31 రోజులు పనిచేసినట్లవుతుంది, ఇంకా తగ్గేవి 59 రోజులు. బేసిక్ రోజుకు 400 రూపాయల చొప్పున అది 23,600 అవుతుంది. 84,000 అడుగుతున్నారంటే మీరు ఒక్క రోజు కూడా నోటీసు పనిచేయనట్లు లెక్క వేసి, దాన్ని బేసిక్ మీద కాకుండా మొత్తం జీతం మీద వేశారన్న మాట. ఆ రెండింటికీ మీ పత్రంలో ఆధారం లేదు. కొన్నిచోట్ల ఈ మొత్తం మీద 18 శాతం జీఎస్టీ కూడా కలిపి అడుగుతున్నారు. ఉద్యోగి ముందుగా మానినందుకు వసూలు చేసే సొమ్ము మీద జీఎస్టీ ఉండదని 2022 ఆగస్టులోనే కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ ఇచ్చింది. మీరు అకౌంట్స్‌లో ఉన్నారు కాబట్టి ఇది మీకు తెలిసే ఉంటుంది.

పండక్కి వెళ్లి తిరిగి రావద్దన్న మీ స్నేహితురాలి సలహాను మాత్రం దయచేసి పక్కన పెట్టండి. చెప్పాపెట్టకుండా మాయమైన ఉద్యోగి రికార్డులో మేము రాసేది రాజీనామా అని కాదు, అనుమతి లేకుండా గైర్హాజరు అని. కొత్త సంస్థ తరఫున వివరాలు సరిచూసేవారు ఫోన్ చేస్తే ఆ మాటే చెబుతారు. నోటీసు రోజులు తగ్గినా పర్వాలేదనుకునే సంస్థలు చాలా ఉన్నాయి, గైర్హాజరు అన్న మాట విని కూడా పర్వాలేదనుకునేవి తక్కువ. రాజీనామా ఇచ్చినట్లు ఇప్పుడు మీ దగ్గర ఉన్న రుజువు ఆ వాట్సాప్ సందేశం ఒక్కటే. దాన్ని గట్టిగా కాపాడుకోండి. అదే రాజీనామాను, జనవరి 5న చేతికి ఇచ్చిన సంగతిని ప్రస్తావిస్తూ, ఈ రోజే సంస్థ అధికారిక ఈమెయిల్‌కు మళ్లీ పంపండి. అలాగే స్పీడ్ పోస్టులో కూడా, అందినట్లు రుజువు వచ్చే విధంగా పంపండి. రిజిస్టర్డ్ పోస్టు కోసం వెతకకండి, గత సెప్టెంబరు నుంచి దాన్ని స్పీడ్ పోస్టులోనే కలిపేశారు.

పని అప్పగింత మీద చాలామంది శ్రద్ధ పెట్టరు గానీ, తేలికగా విడుదల కావడానికి అంతకంటే పనికొచ్చేది లేదు. ఒక మామూలు రూళ్ల పుస్తకం కొనండి. ట్యాలీ డేటా ఎక్కడ ఉంది, బ్యాకప్ ఎప్పుడు తీశారు, జీఎస్టీ పోర్టల్‌కు ఎవరి ఫోన్‌కు ఓటీపీ వస్తుంది, డిజిటల్ సంతకం టోకెన్ ఏ బీరువాలో ఉంది, ఫైనాన్స్ కంపెనీల నుంచి ఏ బండికి ఎంత డబ్బు రావాలి, రిజిస్ట్రేషన్ కోసం ఎవరి దగ్గర ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, చెక్కు పుస్తకంలో ఎన్నో నంబరు దాకా వాడారు అన్నవన్నీ ఒక్కో వరుసలో రాసి, పక్కన తీసుకున్నవారి సంతకానికి గడి వదలండి. ఎవరూ సంతకం చేయకపోయినా పేజీలన్నీ ఫోటో తీసి ఈమెయిల్ చేయండి. రేపు ఏదో నష్టం జరిగిందని మీ మీద మోపాలనుకున్నా ఆ పేజీలు అడ్డు నిలుస్తాయి.

పెన్నా ఒడ్డు, తాడిపత్రి (13 జనవరి 2026)

నేను యజమాని వైపు మనిషిని. సిమెంటు, ఇనుము వ్యాపారం నాది, పన్నెండు మంది పనిచేస్తారు. పైన ఎర్రనేల గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు గానీ, మీ యజమాని ఎందుకు అంత పట్టుదలతో ఉన్నారో కూడా చూడాలమ్మా.

అకౌంటెంటు జనవరిలో వెళ్లిపోవడమంటే మా వంటివాళ్లకు గుండెల్లో రాయి పడినట్టే. ఈ నెల 20కి జీఎస్టీ రిటర్ను, 31కి మూడో త్రైమాసికం టీడీఎస్ రిటర్ను, ఆ తర్వాత మార్చి ముగింపు, ఆడిటరు అడిగే కాగితాలు. కొత్త మనిషిని తెచ్చుకున్నా మన పద్ధతులు తలకెక్కడానికి రెండు నెలలు పడుతుంది. సర్టిఫికెట్లు పట్టుకుని బెదిరించడం మర్యాద కాదు, నేనైతే ఎవరి సర్టిఫికెట్టూ దగ్గర పెట్టుకోను. తొంభై రోజుల నోటీసు కూడా ఈ స్థాయి సంస్థలకు అతి అనే అనుకుంటాను, ఒక్క నెల చాలు. అయినా, తన లెక్కలన్నీ చూసే మనిషి వెళ్లిపోతుంటే పడే భయం మాత్రం నిజమైనదే.

కాబట్టి డబ్బు మాట మాట్లాడే ముందు ఆ భయాన్ని తీర్చే ప్రయత్నం చేయండి. 31లోపు టీడీఎస్ రిటర్ను నేనే పూర్తి చేసి వెళతాను, డిసెంబరు వరకు బ్యాంకు లెక్కలు సరిచూసి ఇస్తాను, మీరు ఎవరినైనా తీసుకుంటే కూర్చోబెట్టి చూపిస్తాను, మార్చి వరకు సందేహం వస్తే సాయంత్రం ఫోన్‌లో చెబుతాను అని ఉత్తరంలో రాసి ఇవ్వండి. ఫోన్‌లో చెప్పడం వరకే ఒప్పుకోండి. అక్కడ చేరాక ఇక్కడ కూడా లెక్కలు రాస్తే బెంగళూరువాళ్ల నిబంధనలకు విరుద్ధమవుతుంది. ఇంకో మాట, మేనేజరుతో తేల్చుకోవాలని చూడవద్దు. షోరూంల్లో మేనేజర్లు యజమాని కంటే రెండాకులు ఎక్కువే చదువుతారు. పండగ వెళ్లాక నేరుగా యజమానిగారి దగ్గరే కూర్చోండి, వీలైతే నాన్నగారిని కూడా వెంట తీసుకెళ్లండి. మన వైపు పెద్దమనిషి పక్కన ఉంటే సగం కోపం అక్కడే చల్లారుతుంది.

దేవుని కడప (13 జనవరి 2026)

కడపలో పీఎఫ్, ఈఎస్ఐ కన్సల్టెన్సీ పని చేస్తుంటాను. ఇంతవరకు ఎవరూ అడగని ఒక సంగతి మీ ప్రశ్నలోనే ఉంది, అది మీరు చేరిన తేదీ.

2021 జూన్ 14న చేరారంటే, మీ ఐదో సంవత్సరం గత జూన్ 14న మొదలైంది. ఐదేళ్లు నిండితేనే గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం మానేటప్పుడు సర్వీసును బట్టి యజమాని ఇచ్చే సొమ్ము, వస్తుందని అందరూ అనుకుంటారు. అయితే పన్నెండు నెలల్లో 240 రోజులు పనిచేస్తే దాన్ని ఒక సంవత్సరం నిరంతర సర్వీసుగా లెక్కించాలని చట్టంలోనే ఉంది. దాని ఆధారంగా నాలుగేళ్లు పూర్తయి ఐదో ఏట 240 రోజులు నిండినవారికి గ్రాట్యుటీ వస్తుందని మద్రాసు హైకోర్టు మెట్టూర్ బియర్డ్‌సెల్ కేసులో తీర్పు చెప్పింది. జూన్ 14 నుంచి లెక్కపెట్టండి. జీతం లేని సెలవులు ఏవీ లేకపోతే, జీతంతో కూడిన ఆదివారాలు, పండుగ సెలవులు కలుపుకుని 240వ రోజు ఫిబ్రవరి 8న పడుతుంది. మీరు ఫిబ్రవరి 4న ఆగిపోతే నాలుగు రోజుల తేడాతో ఆ హక్కును పోగొట్టుకుంటారు.

ఎంత పోతుందో కూడా చూడండి. పదిహేను రోజుల వేతనాన్ని నెలకు 26 రోజుల లెక్కన కట్టి సంవత్సరాలతో హెచ్చిస్తారు. ఆరు నెలలు దాటిన చివరి సంవత్సరాన్ని పూర్తి సంవత్సరంగానే తీసుకుంటారు. బేసిక్ 12,000 మీద వేసినా ఐదేళ్లకు 34,615 రూపాయలు వస్తుంది. నిరుడు నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలపాలి. అంటే మీకు 14,000 మీద వేయాలి, అప్పుడు 40,384 అవుతుంది. మీరు కట్టవలసిన నోటీసు సొమ్ము కంటే ఇదే ఎక్కువ. నోటీసు రోజులు తగ్గాయన్న కారణంతో గ్రాట్యుటీని ఆపడానికి వీలు లేదు. సంస్థకు నష్టం కలిగించినందుకో, హింసకో, నైతిక పతనంతో కూడిన నేరానికో ఉద్యోగం నుంచి తీసేసిన సందర్భాల్లోనే దాన్ని కోయవచ్చు.

యజమానులందరూ ఈ 240 రోజుల లెక్కను అడగ్గానే ఒప్పుకోరు, కొందరు కార్మిక శాఖ అధికారి ముందు అర్జీ పెడితే తప్ప దిగిరారు. అయినా మీకు ఖర్చయ్యేది పది రోజులు మాత్రమే. చేరే తేదీని ఫిబ్రవరి 16, సోమవారానికి మార్చమని బెంగళూరువారిని అడగండి. ఏప్రిల్ వరకు ఆగలేమన్నారు గానీ పది రోజులు ఆగలేమని వారు అనలేదు కదా. ఫిబ్రవరి 14 వరకు పనిచేస్తే నోటీసు 41 రోజులవుతుంది, తగ్గేవి 49 రోజులు, కట్టవలసింది 19,600. ఏ నెలలోనైనా జీతం కోతపడిన సెలవులు ఉంటే అన్ని రోజులు ముందుకు జరపాలి. పే స్లిప్పులు ముందు పెట్టుకుని సరిచూసుకోండి.

పీఎఫ్ గురించి బెంగపడవలసిన పని లేదు. అది మీ ఖాతా, దాన్ని ఎవరూ ఆపలేరు. మీరు మానిన తేదీని సంస్థవారు పోర్టల్‌లో నమోదు చేయకపోతే, చివరి చందా పడిన రెండు నెలల తర్వాత మీ యూఏఎన్ (పీఎఫ్ సభ్యుల గుర్తింపు సంఖ్య) లాగిన్ నుంచి మీరే నమోదు చేసుకోవచ్చు. అప్పటికీ తేలకపోతే ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్ ఉంది, ప్రతి నెలా 27న జిల్లాల్లో "నిధి ఆప్కే నికట్" శిబిరాలు కూడా జరుగుతాయి. రిలీవింగ్ లెటరు ఆలస్యమైతే పీఎఫ్ పాస్‌బుక్కు, సర్వీసు వివరాల పేజీ మీరు ఎప్పటి నుంచి ఎప్పటి వరకు పనిచేశారో చూపిస్తాయి. చాలా సంస్థలు ఇప్పుడు వాటినే మొదట అడుగుతున్నాయి.

వేరుశనగ చేను, అనంతపురం (14 జనవరి 2026)

భోగి శుభాకాంక్షలు. ఇంత లెక్క అవసరమా అని నాకు అనిపిస్తోంది. ఉద్యోగి మీద పెట్టే బాండ్లు, నోటీసు షరతులు అసలు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చినట్లు వాట్సాప్‌లో చదివాను. అది నిజమైతే మేడం గారు ఒక్క రూపాయి కూడా కట్టనవసరం లేదు కదా?

బురుజు నీడ, కర్నూలు (15 జనవరి 2026)

కర్నూలు కోర్టులో ప్రాక్టీసు చేస్తున్నాను. పండుగ పూట అయినా, పైన వచ్చిన వాట్సాప్ మాటను అలా వదిలేస్తే ఎవరో ఒకరు దాన్ని నమ్ముకుని నష్టపోతారు కాబట్టి రాస్తున్నాను.

సుప్రీంకోర్టు చెప్పింది దాదాపు దానికి తలకిందులుగా ఉంది. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లలోపు ఉద్యోగం మానితే 2 లక్షల రూపాయలు చెల్లించాలన్న షరతు చెల్లుతుందని తీర్పు వచ్చింది. ఉద్యోగంలో ఉన్నంత కాలానికి పెట్టే ఇటువంటి షరతు, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ నిషేధించే వృత్తి నిరోధం కిందికి రాదని కోర్టు చెప్పింది. ఆ కేసులోని ఉద్యోగి సీనియర్ మేనేజరు, ఆ బ్యాంకు ప్రభుత్వ రంగ సంస్థ, అర్ధాంతరంగా ఖాళీ అయిన పదవికి మళ్లీ బహిరంగ నియామక ప్రక్రియ జరపవలసి రావడాన్ని కోర్టు పరిగణనలోకి తీసుకుంది. దాన్ని తెచ్చి షోరూం అకౌంటెంటుకు యథాతథంగా అంటగట్టలేరు. అయినా షరతు మీద సంతకం చేసినవారు దాన్ని లేనట్టుగా భావించకూడదు.

ఇక ప్రశ్న అడిగిన అమ్మాయి విషయానికి వస్తాను. మీరు 90 రోజులూ పనిచేసి తీరాలని ఏ కోర్టూ ఆదేశించదు. వ్యక్తి నైపుణ్యం మీద ఆధారపడిన ఒప్పందాన్ని బలవంతాన అమలు చేయించరాదని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 14వ సెక్షన్ చెబుతోంది. ఒప్పందం తప్పితే అడగగలిగేది డబ్బు మాత్రమే. ఆ డబ్బు కూడా ఒప్పందంలో రాసుకున్న మొత్తానికి మించకూడదని, ఆ పరిమితిలో సమంజసమైనంత వరకే ఇప్పించాలని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అంటుంది. మీ పత్రంలో బేసిక్ అని ఉండగా 84,000 కోసం దావా వేసే యజమాని తన వకీలు ఫీజు కూడా రాబట్టుకోలేడు. ఆఖరి జీతం నుంచి మొత్తాన్నీ మినహాయించుకుంటామని అంటే, కొత్త కార్మిక కోడ్‌లలో ఒకటైన వేతనాల కోడ్ ప్రకారం ఒక వేతన కాలంలో కోతలు సగం వేతనాన్ని దాటకూడదని గుర్తు చేయండి. రాజీనామా చేసినవారికి రావలసిన వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలని కూడా అదే కోడ్‌లో ఉంది.

సర్టిఫికెట్లను తాకట్టు వస్తువుల మాదిరిగా పట్టుకునే హక్కు యజమానికి లేదు. అవి మీ ఆస్తి. ఏ సర్టిఫికెట్లు ఎప్పుడు ఇచ్చారో, హాల్ టికెట్ నంబర్లతో సహా పేర్కొంటూ, ఫలానా తేదీలోపు తిరిగి ఇవ్వమని ఉత్తరం రాయండి. అప్పటికీ ఇవ్వకపోతే నాలుగు వరుసల లాయరు నోటీసుకే చాలా వరకు కదులుతారు. భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ కింద నమ్మకద్రోహం ఫిర్యాదు కూడా పెట్టవచ్చు గానీ, పోలీసు స్టేషన్ మెట్లు ఎక్కడం ఆఖరి పనిగా పెట్టుకోండి. కొందరు తెలివిగా సర్టిఫికెట్లు పోయాయని ఫిర్యాదు చేసి డూప్లికేట్లు తీసుకోమని సలహా ఇస్తారు. ఎక్కడున్నాయో తెలిసి పోయాయని రాయడం అబద్ధపు ప్రకటన అవుతుంది, ఆ పని చేయవద్దు. ఈలోగా పదో తరగతి మెమో డిజిలాకర్‌లో దొరుకుతుంది, డిగ్రీ వివరాలు కూడా అందులో ఉన్నాయేమో చూడండి. బెంగళూరు సంస్థకు తాత్కాలికంగా అవి చాలవచ్చు.

లాయరు ఖర్చు గురించి ఆలోచించకండి. 1987 నాటి న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థ కార్యాలయంలో ఒక అర్జీ రాసి ఇస్తే సరిపోతుంది. వారు కేసు దాకా వెళ్లకముందే రెండు పక్షాలనూ పిలిపించి రాజీ కుదర్చగలరు, మీ వంటి వ్యవహారాలకు అదే సరైన చోటు.

ఆ వాట్సాప్ సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసుకుని ఊరుకోకండి. అసలు సందేశం ఉన్న ఫోన్‌ను మార్చకుండా, చాట్ చెరపకుండా ఉంచండి. రేపు దాన్ని సాక్ష్యంగా పెట్టవలసి వస్తే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద ధ్రువీకరణ ఇవ్వాలి, అప్పుడు మూల పరికరం అవసరపడుతుంది. "పండగ తర్వాత మాట్లాడదాం" అన్న ఆయన మాటే రాజీనామా అందిందనడానికి రుజువు.

లెక్కల పుస్తకం, కర్నూలు (19 జనవరి 2026)

పండుగ రోజుల్లో కూడా ఇంత ఓపికగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. బెంగళూరువారు ఫిబ్రవరి 16న చేరడానికి ఈమెయిల్‌లో అంగీకారం తెలిపారు. పే స్లిప్పులన్నీ తిరగేశాను, గత జూన్ నుంచి జీతం కోతపడిన రోజు ఒక్కటీ లేదు. రాజీనామాను ఈమెయిల్‌లోనూ, స్పీడ్ పోస్టులోనూ పంపించాను.

ఈ రోజు ఉదయం నాన్నగారితో కలిసి యజమానిగారిని కలిశాను. తాడిపత్రి అన్నగారు చెప్పినట్లే మొదట టీడీఎస్ రిటర్ను సంగతి, బ్యాంకు లెక్కల సంగతి ఎత్తాను. ఆయన చాలాసేపు వాటి గురించే అడిగారు, 84,000 మాట ఆయన నోటి నుంచి రాలేదు. చివరికి తగ్గిన రోజులకు బేసిక్ కట్టి వెళ్లమని, ఫిబ్రవరి 14న సర్టిఫికెట్లు ఇస్తామని నోటిమాటగా అన్నారు. గ్రాట్యుటీ మాట ఎత్తగానే "ఐదేళ్లు నిండలేదు కదా" అన్నారు, నేను అక్కడ వాదించలేదు. చెక్కు గురించి అడిగితే ఎక్కడుందో వెతికించాలని మేనేజరుగారి వైపు చూశారు. ఇప్పుడు నా భయమంతా ఆ చెక్కు మీదే ఉంది. దాని నంబరు కూడా నాకు గుర్తు లేదు. బ్యాంకుకు చెప్పి చెల్లింపు ఆపించేస్తే సరిపోతుందా?

దేవుని కడప (19 జనవరి 2026)

గ్రాట్యుటీ విషయంలో ఇప్పుడు వాదించకపోవడమే మంచిదైంది. సర్టిఫికెట్లు చేతికి వచ్చాక, మానిన తేదీ నుంచి ముప్పై రోజుల్లోపు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. అయితే లెక్క తేలిన కాగితం మీద "ఇక నాకు సంస్థ నుంచి రావలసినది ఏదీ లేదు" అన్న వాక్యం ఉంటే, "గ్రాట్యుటీ మినహా" అని మీ చేతిరాతతో చేర్చి సంతకం చేయండి.

బురుజు నీడ, కర్నూలు (20 జనవరి 2026)

చెక్కు నంబరు కోసం ఆ చెక్కు పుస్తకాన్నే చూడండి. మధ్యలో ఏ నంబరు లేదో దొరుకుతుంది. పుస్తకం దొరకకపోతే నెట్ బ్యాంకింగ్‌లో ఇంకా వాడని చెక్కుల జాబితా కనిపిస్తుంది, లేదా శాఖకు వెళితే వారే చెబుతారు.

చెల్లింపు ఆపించడం మంచిదే గానీ అది ఒక్కటే సరిపోదు. సంతకం చేసి ఇచ్చిన ఖాళీ చెక్కును అవతలివారు నింపుకున్నా, అది బాకీ కోసమే ఇచ్చినదని చట్టం మొదట భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసిన భారం మీ మీద పడుతుంది. ఆపించిన చెక్కు వెనక్కి వచ్చినా నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు పెట్టడానికి ఆస్కారం ఉంటుంది. అందువల్ల బ్యాంకుకు ఇచ్చే ఉత్తరంలో "ఉద్యోగంలో చేరేటప్పుడు పూచీగా ఇచ్చిన చెక్కు, ఎటువంటి బాకీ లేదు" అని కారణం స్పష్టంగా రాసి, అందినట్లు ముద్ర వేయించుకోండి. అదే రోజున అదే మాటతో, చెక్కు నంబరు పేర్కొంటూ, దాన్ని తిరిగి ఇవ్వమని యజమానిగారికి ఈమెయిల్ చేయండి. వివాదం ఏదీ పుట్టకముందే ఈ రెండు కాగితాలు తయారై ఉంటే, తర్వాత ఎవరు ఏ మొత్తం నింపినా మీ మాటకు బలం ఉంటుంది. ఒకవేళ చెక్కు తిరిగి వచ్చిందని ఎప్పుడైనా నోటీసు వస్తే, దాన్ని పక్కన పడేయకుండా పదిహేను రోజుల్లోపు లాయరు చేత జవాబు ఇప్పించండి. నోటీసుకు జవాబు ఇవ్వనివారే ఈ కేసుల్లో ఎక్కువగా ఇరుక్కుంటారు.

ఫిబ్రవరి 14 శనివారం. ఆ రోజు సాయంత్రం దాకా ఆగకుండా, ముందు రోజే 19,600 రూపాయల లెక్కను ఈమెయిల్ చేసి వారి అంగీకారం తీసుకోండి. నగదు ఇవ్వవద్దు, సంస్థ ఖాతాకు బ్యాంకు ద్వారానే పంపండి, వివరాల గడిలో నోటీసు కాలపు సొమ్ము అని రాయండి. సర్టిఫికెట్లు, చెక్కు, రిలీవింగ్ లెటరు బల్ల మీద పెట్టించుకున్నాకే ఆ బదిలీ చేయండి. చెక్కు దొరకలేదని అప్పటికీ అంటే, అది దొరకలేదని, దొరికితే వాడబోమని వారి లెటర్‌హెడ్ మీద సంతకం, ముద్రతో రాయించుకుని అక్కడి నుంచి కదలండి.